కొసలు గిల్లిన మడి

2021 అక్టోబరు 16, శనివారం. స్థలం: అల్ ఐన్ ఊరి బయట మా నర్సరీ, నాలుగో మడి. ఉదయం, ఇంకా టీ రాలేదు. హాజరైనవారు: నర్సరీ ఇన్‌చార్జిగా నేను; మా ముదీర్, అంటే మేనేజరు, ఈజిప్టు దేశస్థుడు; జగిత్యాల వైపు నుంచి వచ్చిన మా ఫోర్‌మన్; నీటి మోటార్లు చూసే నిజామాబాద్ ఆయన, అందరం భాయ్ అని పిలిచేవాళ్ళం. పనివాళ్ళంతా కాస్త దూరంలో వరసగా నిలబడి ఉన్నారు. వాళ్ళని హాజరైనవారి కింద రాయాలో, ముద్దాయిల కింద రాయాలో తేల్చుకోలేక డైరీలో 'మిగిలినవారు' అని రాశాను.

ఉద్యోగంలో చేరిన నాటి నుంచి నాకు డైరీ రాసే అలవాటుంది. వాటిలో ఎక్కువ భాగం ఎరువు, నీళ్ళు, ఎండ, ఎవరికి జ్వరం వచ్చింది, ఏ పంపు చెడిపోయింది. మళ్ళీ చదవదగ్గవి తక్కువ. ఈ మధ్య మా ప్రాంతపు కుర్రాళ్ళు కొందరు గల్ఫ్ నర్సరీల్లో పని దొరికిందని చెప్పి, ఏం జాగ్రత్తలు తీసుకోమంటారని అడుగుతున్నారు. మొక్కల సంగతి అక్కడికి వెళ్తే మొక్కలే నేర్పుతాయి. అందుకని ఆ ఒక్క మడి సంగతి చెబుతాను.

మాది గోదావరి జిల్లా. నర్సరీలకి పేరుపడ్డ ప్రాంతం. అంట్లు కట్టడం, కుండీలు మార్చడం చిన్నప్పటి నుంచి చూసిన పనే. దుబాయ్ వెళ్ళాక, అంటే మావాళ్ళ లెక్కలో అల్ ఐన్ కూడా దుబాయే, పూల మొక్కల దగ్గర మొదలుపెట్టి చివరికి గాఫ్ చెట్ల దగ్గరికి వచ్చాను. గాఫ్ అంటే మరేమీ కాదు, మన జమ్మి. ఆ దేశంలో దానికి చాలా గౌరవం. ఎడారిలో దానంతటది పెరిగిన గాఫ్ కొమ్మ విరిస్తే జరిమానా పడుతుంది. మా కాగితాల్లో గాఫ్ అని రాసేవాళ్ళం. మడుల్లో మాత్రం అందరూ జమ్మి అనే అనేవారు.

ఆ మొక్కలు లాక్‌డౌన్‌లో పుట్టినవి. 2020లో గేట్లు మూసేశాక పనివాళ్ళని క్యాంపు దాటి పోవద్దన్నారు. ఊరికే కూర్చుంటే మనుషులు పాడైపోతారని ఫోర్‌మన్ విత్తనాల పని మొదలుపెట్టించాడు. గింజ పైపొర గట్టిది. వేడినీళ్ళలో నానబెడితే గానీ మొలకెత్తదు. మొలిచాక కూడా పైకి ఎదగదు, ముందు వేరు కిందికి పోతుంది. అందుకే పొడుగాటి సంచుల్లో వేస్తాం. మొదటి ఏడాది చూసినవాడికి ఇది ఎదుగుతోందా, చచ్చిపోతోందా అన్న అనుమానం వస్తుంది. ఏడాదిన్నరకి వెదురు కర్ర ఊతంగా మనిషి ఛాతీ ఎత్తుకి వచ్చాయి. నాలుగు మడులు. అన్నీ ఒకే ఆర్డరు. ఎడారి అంచున ఒక పెద్ద స్థలంలో నాటడానికి తీసుకున్నారు. సోమవారం ఆ ఆర్డరు తరఫు ఇంజినీరు వచ్చి చూసి, సరేనంటే మొక్కలు కదులుతాయి.

కాంట్రాక్టులో మొక్క ఎలా ఉండాలో స్పష్టంగా రాసి ఉంది. ఒకే కాండం ఉండాలి, నిటారుగా ఉండాలి, పై కొస తెగి ఉండకూడదు.

ఆ శనివారం ఉదయం నాలుగో మడిలో ఒక్క మొక్కకి కూడా పై కొస లేదు.

మొదటి వరస చూసి ఏదో పురుగు అనుకున్నాను. రెండో వరస చూశాక పురుగు కాదని తెలిసింది. పురుగు అంత పద్ధతిగా తినదు. మూడు మడులు పచ్చగా, చెక్కుచెదరకుండా ఉన్నాయి. నాలుగో మడిలో ఈ చివర నుంచి ఆ చివర దాకా ప్రతి మొక్కకీ లేత కొస, ఒకే కొలతలో, గోటితో గిల్లి తీసినట్టు ఉంది.

"ఎవరు చేశారిది?" అన్నాను.

ఫోర్‌మన్ ముందుకు వచ్చాడు. నలభై దాటిన మనిషి, సన్నగా పొడుగ్గా ఉంటాడు. "నేనే తెంపమన్న సార్. పోరగాండ్లను ఏమనకుండ్రి. నిన్న దసర గద."

అప్పుడు అర్థమైంది. మా వైపు దసరాకి జమ్మిచెట్టు దగ్గరికి వెళ్ళి దణ్ణం పెట్టుకుని, చీటీ కట్టి వస్తాం. తెలంగాణలో అంతటితో అయిపోదు. జమ్మి ఆకు తెచ్చి, బంగారమని ఒకరి చేతిలో ఒకరు పెట్టి, అలయ్ బలయ్ అని కావలించుకుంటారు. చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ చేతిలో పెట్టి కాళ్ళకి మొక్కుతారు. ఇన్నేళ్ళు వాళ్ళతో పనిచేసినా నాకు ఆ సంగతి పైపైనే తెలుసు. అంతకు ముందు మా నర్సరీలో జమ్మి లేదు, దసరాకి ఎవరూ ఆకు అడగలేదు. ఆ శుక్రవారం నేను దుబాయ్ ఇంటర్నేషనల్ సిటీలో మా మేనల్లుడి గదికి పులిహోర తినడానికి వెళ్ళాను.

"అంత పండగ చేసుకోవాలంటే గేటు బయట పెద్ద చెట్టు ఉంది కదయ్యా. నాలుగు రెమ్మలు అక్కడ తుంచుకోవలసింది."

"అమ్మో, దాన్ని ముట్టుకుంటె ముఖాలఫా పడ్తది సార్. పోయిన సాల్ ఒకనికి పడ్డది జరిమానా. అది సర్కార్ చెట్టు. ఇవి మనం పెంచినయి."

"పోనీ ఒక పది మొక్కలు తీసుకుని మొత్తం దూసుకుంటే పోయేది. మడి మడంతా ఎందుకు?"

అతను నా వైపు విచిత్రంగా చూశాడు. "పది చెట్లను దూస్తె అవి సచ్చిపోతయి గద. అందుకే చెట్టుకొక్క కొస అని చెప్పిన. గింతంత తీస్తె ఏ చెట్టుకూ నొప్పి పుట్టదు. మా పత్తి చేన్ల గిట్లనే తల తుంచుతం. తుంచితెనే పక్కకు కొమ్మలు బాగ వస్తయి."

నేను తల పట్టుకున్నాను. పత్తికి తల తుంచితే పక్క కొమ్మలు వస్తాయి, కాయ ఎక్కువ పడుతుంది. మాకు కావలసింది పక్క కొమ్మలు కాదు. తల తెగిన జమ్మి పొదలా గుబురెక్కుతుంది. నీడనిచ్చే చెట్టుగా నాటమన్న చోట పొదని ఎవరూ తీసుకోరు. చట్టానికి భయపడి పెద్దచెట్టు వదిలేశాడు. మొక్కలు చనిపోకూడదని బాధ అన్నిటికీ సమానంగా పంచాడు. దుర్మార్గుడెవడైనా పది మొక్కలు పీక్కుపోయి ఉంటే మాకు పది మొక్కలే పోయేవి.

"మరి ఇంత ఆకు మీ క్యాంపుకే సరిపోయిందా?"

దీనికి భాయ్ జవాబు చెప్పాడు. "షార్జా దిక్కు సజ్జా నుంచి వీళ్ళ ఊరోళ్ళు వ్యాన్ కట్టుకోని వచ్చిండ్రు సాబ్. వాళ్ళ క్యాంపులల్ల పంచనీకి సంచి నింపుకోని పోయిండ్రు. నేను కూడ ఒక కొమ్మ తీసుకున్న. అందరు పంచుకునేటప్పుడు నాకొద్దంటే బాగుండది గద." జేబులోంచి వాడిన రెమ్మ తీసి చూపించాడు, నేను అడక్కపోయినా.

ముదీర్‌కి తెలుగు రాదు. ఎవరో ఒకరు ఆయనకి చెప్పాలి, నేనే చెప్పాను. ఆయన చెడ్డ మనిషి కాడు. పై ఆఫీసుకి జవాబు చెప్పుకోవలసిన మనిషి, అంతే. మొత్తం విన్నాక మడి చుట్టూ ఒకసారి నడిచి వచ్చి, "ఖలాస్, ఇతన్ని పంపించేస్తున్నాం. వీసా కాన్సిల్. ఇన్‌స్పెక్షన్ అవగానే టికెట్" అన్నాడు. తర్వాత కాసేపు ఆలోచించి, "సోమవారం మాత్రం మేకలు పడ్డాయని చెప్పండి. పక్క పొలంలో మేకలున్నాయి" అన్నాడు.

"మేకలు తింటే ఇలా ఉండదు సార్" అన్నాను.

"ఇంజినీర్లకి మేకల గురించి ఏం తెలుస్తుంది?" అన్నాడు.

ఆ సాయంత్రం ఫోర్‌మన్ నీళ్ళ ట్యాంకు పక్కన కూర్చుని ఉంటే వెళ్ళి పక్కన కూర్చున్నాను. అతను ఇంటికి వెళ్ళి మూడేళ్ళు కావస్తోంది. కరోనా వచ్చిన మొదటి ఏడాది విమానాలు లేవు. రెండో ఏడాది వేసవిలో వాళ్ళన్న కరోనాతో పోయాడు. దహనం ఫోన్‌లో చూశాడు. ఆ వీడియో కాల్ మధ్యలో రెండుసార్లు తెగిపోయిందని అప్పట్లో భాయ్ నాతో చెప్పాడు. అంతకు ముందరి దసరాకి క్యాంపులో నలుగురు కలిసి కూర్చోవడానికి కూడా వీల్లేదు. ఈసారే మనుషులు మనుషుల్ని ముట్టుకోనిచ్చారు.

"చేతుల బంగారం పెట్టి మొక్కుదామంటె ఈడ నాకంటె పెద్దోడు ఎవడున్నడు సార్. నేనే పెద్ద. అందరు వచ్చి నాకు మొక్కిండ్రు. మొక్కించుకునుడు గింత బరువుంటదని నిన్ననే తెలిసింది."

మళ్ళీ తనే అన్నాడు:

"పోనికి నాకేం రంది లేదు. ఇల్లు యాదికొస్తనే ఉంటది. గని తప్పు జేసినోని లెక్క పంపిస్తె మాత్రం పోను. అన్న పోయినంక ఇంటికి పెద్దను నేను. కాన్సిల్ అయి దిగితె ఊరు ఊరంత ఏం దొంగతనం జేసినవని అడుగుతది. నా మాట మీద మా ఊరోళ్ళు ముగ్గురు ఈ క్యాంపులున్నరు. రేపు వాళ్ళ మాట ఎవలు వింటరు?"

"కంపెనీ పంపిస్తే పోనంటే ఎలా కుదురుతుందయ్యా?"

"కుదురుతదో కుదరదో తెల్వది. మడి సక్కగ జేసి ఇస్త. గంతే." ట్యాంకు గోడకి ఆనుకున్న వెదురు కర్రని తీసుకుని నేల మీద ఒక గీత గీసి, దానికి పక్కనుంచి ఒక చిన్న గీత గీశాడు. "పక్క మొలక వస్తది గద. దాన్నే పట్టి నిలబెట్టి కర్రకు కడితె అదే తల కాదా?"

అవుతుంది. పని తెలిసిన ఎవరైనా అదే చేస్తారు. అయితే కొన్ని నెలలు పడుతుంది, పైగా చలికాలం వస్తోంది. జమ్మి చలికి దాదాపు నిద్రపోతుంది. ఆ మాటే అన్నాను.

"నిద్రపోతె లేపుదాం" అన్నాడు.

సోమవారం ఇంజినీరు వచ్చింది. ఆ దేశపు అమ్మాయే. ముప్పై దాటి ఉండదు. అబాయా మీద పసుపు జాకెట్టు, కాళ్ళకి మట్టి పట్టిన బూట్లు. మూడు మడులు తీరిగ్గా చూసింది. కొన్ని సంచులు వంచి వేర్లు పరీక్షించింది. సరేనని తల ఊపింది. నాలుగో మడి దగ్గర ఆగి, ఒక మొక్క కొస వేళ్ళతో పట్టుకుని చూసింది. ఇంకోటి. ఇంకో వరస.

"ఇది ఎవరి పని?"

"మేకలు" అన్నాడు ముదీర్. "పక్క పొలంవాడు కంచె సరిగ్గా వేసుకోడు."

ఆమె నవ్వలేదు. "మా తాతగారికి మేకలుండేవి. మేక ఆకు చీల్చుకుని తింటుంది, అందినకాడికి తింటుంది, కింద పెంట వేసి పోతుంది. ఇన్ని మేకలు వరసలో నిలబడి, ఒక్కొక్కటీ ఒకే కొస గిల్లుకుని, మొక్కల మధ్య ఒక్క అడుగు కూడా పడకుండా వెళ్ళిపోయాయా?"

ముదీర్ నా వైపు చూశాడు. నేను మొక్కల వైపు చూశాను. ఈలోగా వెనక నుంచి ఫోర్‌మన్ క్యాంపు హిందీలో మొదలుపెట్టాడు. మేడమ్, మేకలు కాదు, నేను. పండగ. మా దగ్గర ఈ ఆకుని బంగారమని ఒకరికొకరం ఇస్తాం. బయట చెట్టు ముట్టుకోలేదు. ఇవి నేను విత్తనం వేసినవి. తల గిల్లితే మంచిదనుకున్నాను. తప్పు నాది, వాళ్ళది కాదు. ఆమెకి హిందీ కొంత వచ్చు. రాని చోట నేను ఇంగ్లీషులో అందించాను.

అంతా విని ఆమె మనసు కరిగిపోయిందని చెప్పను. కరగలేదు. "బంగారమో ఏదో, నాకు నిటారైన చెట్టు కావాలి" అంది. "మూడు మడులు తీసుకుంటాను. ఇది తీసుకోను. ఫిబ్రవరి మూడో వారంలో మళ్ళీ వస్తాను. ఆ తర్వాత నాటే కాలం అయిపోతుంది. అప్పటికి ఏ మొక్కకి కొత్త తల నిలబడితే ఆ మొక్క తీసుకుంటాను. మిగిలినవి మీ నష్టం."

ముదీర్ వెంటనే, "ఈ మనిషిని పంపించేస్తున్నాం, మీకు మళ్ళీ ఇలాంటిది జరగదు" అన్నాడు.

"అది మీ కంపెనీ విషయం. ఫిబ్రవరిలో నేను వచ్చినప్పుడు ఈ మడి గురించి ఎవరిని అడగాలి?"

ముదీర్ ఏదో చెప్పబోయే లోపు నేను ఫోర్‌మన్‌ని చూపించాను. "ఇతన్నే" అన్నాను. ముదీర్ ముఖం ఎర్రబడింది. ఆమె ముందు కాదనలేకపోయాడు. ఆమె వెళ్ళాక ఆఫీసులో నాతో మాట్లాడిన మాటలు డైరీలో రాసుకున్నాను గానీ ఇక్కడ అవసరం లేదు. చివరికి తేలింది ఇది: ఫోర్‌మన్ ఫిబ్రవరి దాకా ఉంటాడు. మడి పాసైతే ఉద్యోగం ఉంటుంది. కాకపోతే ఆ వారమే కాన్సిల్. నేను డిసెంబరులో రిటైరై ఇంటికి పోవలసినవాణ్ణి. మార్చి దాకా ఉంటానని అదే బల్ల దగ్గర రాసిచ్చాను. ముదీర్ అది చూసి, "మీకు కూడా పండగేనా?" అన్నాడు.

పిల్లలూ, ఇక్కడి నుంచి కథలో పెద్దగా ఏమీ జరగదు. పని జరుగుతుంది.

ఫోర్‌మన్ మడిని వరసలుగా విడగొట్టి, దసరా ఆకు తీసుకున్న ప్రతివాడికీ ఒక వరస అప్పగించాడు. భాయ్ ఒక్క రెమ్మే తీసుకున్నానని మొత్తుకున్నా అతనికీ ఒక వరస వచ్చింది. "రెమ్మకు వరసయితె, సజ్జాకు సంచి మోసినోనికి ఎంతుండాలె మరి" అని అతను గొణుగుతూనే ఉండేవాడు. సజ్జావాళ్ళు కూడా నెలకోసారి సెలవు రోజున వ్యాన్‌లో వచ్చి ఒక పూట పనిచేసి పోయేవారు. ఎవరూ పిలవలేదు. ఫోన్‌లో వీళ్ళ ఊరి గ్రూపులో సంగతి తెలిసి వచ్చారు.

పని ఇది. గిల్లిన చోటుకి దిగువన రెండు మూడు మొలకలు వస్తాయి. వాటిలో బలంగా ఉన్న ఒకదాన్ని ఉంచి, మెల్లగా నిలబెట్టి, వెదురుకి కట్టాలి. మిగిలినవాటిని గోటితో తీసేయాలి. వారం తిరిగేసరికి అవి మళ్ళీ వస్తాయి, మళ్ళీ తీసేయాలి. గిల్లి పాడుచేసిన మడిని గిల్లే బాగుచేయాలి. మొదట్లో వాళ్ళకి చేతులు రాలేదు. మళ్ళీ తుంచమంటున్నారేమిటని బిక్కమొహాలు వేశారు. ఫోర్‌మన్ ఒక్కొక్కడి వెనకే నిలబడి చూపించేవాడు. "ఇది కాదుర, దాని కిందిది. నీకు బలమైంది ఏదో తెల్వదా? పెండ్లికి పిల్లను జూసినట్టు జూస్తవేంది, తియ్యి."

నవంబరులో ఒకరోజు ఒక వరసలో కొత్త తలలన్నీ పసుపెక్కాయి. నీళ్ళు ఎక్కువయ్యాయేమోనని భాయ్‌ని నిలదీశాం. అతను మోటారు లెక్కలన్నీ ఒట్టేసి చెప్పాడు. తీరా దగ్గరికి వెళ్ళి చూస్తే, ఆ వరస మనిషి మొలకల్ని ఇనుప తీగతో కట్టాడు. అంతకు ముందు అతను బిల్డింగు పనిలో కడ్డీలు కట్టేవాడు. కడ్డీల జంట చుట్టూ తీగ తిప్పి, కొక్కెంతో మెలిపెట్టి బిగించినట్టే మొలకకీ, వెదురుకీ కలిపి బిగించాడు. ముడి చూడ ముచ్చటగా ఉంది. మొలక గొంతు నొక్కుకుపోయింది.

"ఊడిపోకుండ కట్టమన్నరని కట్టిన" అన్నాడు.

"ఇరవై అంతస్తులకు గూడ ఊడది" అన్నాడు ఫోర్‌మన్. కోప్పడలేదు. తన పాత లుంగీ తెచ్చి అక్కడే పట్టీలుగా చింపాడు. మర్నాటికి మడిలో అందరి పాత బనియన్లూ, లుంగీలూ వేలాడుతున్నాయి. ముదీర్ వచ్చి చూసి ఇది నర్సరీయా, బట్టలు ఆరేసే స్థలమా అన్నాడు. అయినా ఆ తర్వాత మెత్తటి కట్టుతాడు చుట్టలు కొనిపించాడు. కాగితం మీద వాటిని వేరే మడి ఖర్చులో చూపించమన్నాడు.

చలి మొదలయ్యాక ఎదుగుదల ఆగిపోయింది. ముందే తెలిసిందే అయినా, రోజూ టేపు పెట్టి కొలుస్తుంటే ఆగిపోవడం కళ్ళకి కట్టినట్టు కనిపిస్తుంది. మేము మడి చుట్టూ ప్లాస్టిక్ కట్టాం. పొద్దున్న ఎండ పొడ రాగానే తీసి, సాయంత్రం వేసేవాళ్ళం. చల్లటి బోరునీళ్ళు వేరుకి దెబ్బ అని భాయ్ నీళ్ళని మధ్యాహ్నం దాకా పై ట్యాంకులో ఎండకి పెట్టి ఇచ్చేవాడు. అవి చేసిన మేలెంతో నాకు నిజంగా తెలియదు. ఏదో ఒకటి చేస్తూ ఉండటం మాకూ అవసరమే అయింది.

జనవరిలో ఇసుక గాలి వచ్చింది. రెండు రోజులు కళ్ళు తెరవనీయలేదు. కంచె వైపు రెండు వరసల్లో ప్లాస్టిక్ చిరిగి, కొత్త తలలు చాలా విరిగిపోయాయి. గాలి తగ్గిన ఉదయం ఫోర్‌మన్ ఆ వరసల పక్కన నిలబడ్డాడు. నేను ఓదార్పుగా ఏదో అనబోయాను.

"దాని కింద ఇంకో మొలక ఉన్నది సార్" అన్నాడు. నన్ను చూడకుండానే వంగి పట్టీ విప్పడం మొదలుపెట్టాడు.

నేను అతన్ని మెచ్చుకోవడానికి ఇది రాయడం లేదు. మొండితనం అన్నిసార్లూ మంచిది కాదని నా ఉద్యోగంలో చాలాసార్లు చూశాను. చచ్చిన మొక్కకి నెలల తరబడి నీళ్ళు పోసినవాళ్ళు నాకు తెలుసు. అతని మొండితనంలో ఒక తేడా ఉంది. ప్రతి వారం ఏ మొక్క వస్తుందో, ఏది రాదో తనే విడదీసి పక్కన పెట్టేవాడు. రానిదాని మీద వచ్చేదాని కాలం ఖర్చు పెట్టేవాడు కాదు.

ఫిబ్రవరి మూడో వారంలో, మంగళవారం, ఇంజినీరు మళ్ళీ వచ్చింది. ఈసారి చేతిలో ఎర్ర రిబ్బను చుట్ట ఉంది. వద్దన్న మొక్కకి రిబ్బను కడతానంది. పట్టీలన్నీ విప్పమంది. అది మేము అనుకోలేదు. కట్టు ఉంటే ఏ మొక్కైనా నిటారుగానే కనిపిస్తుంది, కట్టు లేకుండా నిలబడుతుందో లేదో చూడాలి అంది. న్యాయమే. పనివాళ్ళు వరసల్లోకి వెళ్ళి ఒక్కొక్క పట్టీ విప్పుతుంటే ముదీర్ సిగరెట్టు వెలిగించి, ఒక్క దమ్మైనా లాగకుండా పారేశాడు.

మొదటి వరసలో మొక్కలు కొద్దిగా ఊగి నిలబడ్డాయి. గిల్లిన చోట చిన్న వంపు, మోచెయ్యిలాగా. ఆమె ఆ వంపు మీద బొటనవేలు పెట్టి నొక్కి చూసింది. రిబ్బను తీయలేదు. రెండో వరసలో ఒకటి పక్కకి వాలింది. రిబ్బను పడింది. అలా వరస వరసకీ వెళ్తుంటే ఫోర్‌మన్ ఆమె వెనక నడిచాడు గానీ మొక్కల్ని చూడలేదు. ఆమె చేతిలోని రిబ్బను చుట్టనే చూస్తున్నాడు, ఎంత తగ్గుతోందా అని. భాయ్ మోటారు షెడ్డు దగ్గర నిలబడి, తన వరస వచ్చినప్పుడు లోపలికి వెళ్ళిపోయాడు.

కంచె వైపు రెండు వరసలు దాదాపు మొత్తం పోయాయి. మధ్యలో అక్కడక్కడ కొన్ని. మిగిలిన మడి అంతా ఆమె తీసుకుంది.

"ఈ వంపు ఉంటుందా, పోతుందా?" అని అడిగింది ఫోర్‌మన్‌ని.

అతను నిజం చెప్పాడు. "కాండం లావైనంక బయటోళ్ళకు కనబడది మేడమ్. మనకు కనబడ్తది."

ఆమె కాగితం మీద సంతకం పెట్టి, మొదటి మూడు మడుల కోసం తవ్విన గుంతల పక్కనే వీటికీ చోటు ఉందనీ, గురువారం నుంచి నాటవచ్చనీ, పెంచినవాడే నాటితే మంచిదనీ చెప్పి వెళ్ళిపోయింది. ముదీర్ ఫోర్‌మన్ భుజం తట్టి, "నువ్వు ఉంటున్నావు" అన్నాడు. అతను వంగి, కింద పడిన పట్టీలు ఏరడం మొదలుపెట్టాడు. పనివాళ్ళు క్యాంపులో మేక మాంసం వండుకున్నారు. మేకే ఎందుకని అడిగితే, నేరం మోసింది అదే కదా అన్నాడు భాయ్.

మర్నాడు ఉదయం నేను ఆఫీసు తాళం తీయడానికి వెళ్ళేసరికి ఫోర్‌మన్ బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఏమిటంటే చెప్పలేదు, ముదీర్ రానీయండి అన్నాడు. ముదీర్ కారు దిగి, "ట్రెయిలర్లు వచ్చే వేళయింది, ఇక్కడ కూర్చున్నావేం?" అన్నాడు.

"ఛుట్టీ కావాలె సార్. రెండు నెల్లు. ఇంటికి పోత."

నేను అదే ఇంగ్లీషులో చెప్పాను. ముదీర్ కుర్చీలో కూర్చోబోతున్నవాడు ఆగిపోయాడు. "ఇప్పుడా? రేపటి నుంచి నాటడం. నువ్వు లేకుండా ఆ మొక్కల్ని ఎవరు చూస్తారు? నువ్వు వెళ్ళడానికి వీల్లేదు" అన్నాడు. అన్నాక తన మాట తనకే వినబడినట్టుంది, నా వైపు చూశాడు.

"నాటినంకనే పోత. ఆఖరు చెట్టుకు నీళ్ళు పెట్టి పోత. అక్టోబర్ల మీరు పంపితే పోవుడు వేరే. ఇప్పుడు నేను అడిగి పోతున్న. అన్నకు చెయ్యాల్సినయి ఉన్నయి. చేసి వస్త."

ముదీర్ ఫారం తీశాడు. పెన్ను మూత తీసి, ఇంకా అనుమానం తీరనట్టు, "వెళ్ళాక తిరిగి వస్తావని ఏమిటి నమ్మకం?" అన్నాడు.

ఈసారి ఫోర్‌మన్ నా కోసం ఆగలేదు. నేరుగా ఆయనకే, ఇద్దరికీ వచ్చిన కాస్త హిందీలో చెప్పాడు. "నాలుగు నెల్ల కింద మీరు పొమ్మన్నరు. పోయిన్నా?"

ముదీర్ సంతకం పెట్టాడు. కారణం అన్న చోట ఏం రాయాలని నేను ఫోర్‌మన్‌ని అడిగితే, "సొంత పని అని రాయుండ్రి" అన్నాడు. రాశాను. కాగితం మడిచి జేబులో పెట్టుకుంటుండగా బయట మొదటి ట్రెయిలర్ హారన్ వినిపించింది. అతను చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ బయటికి నడిచాడు. కిటికీలోంచి చూస్తే అప్పటికే నాలుగో మడి దగ్గర మనుషులు మొక్కలు ఎత్తుతున్నారు. దూరం నుంచే అరుస్తున్నాడు:

"కాండం పట్టకుండ్రిరా. కింద సంచి పట్టుండ్రి, సంచి."